లక్కున్న చెయ్యి

మా సాయిలు మామ పోయాడని పోయిన నెల ఫోన్ వచ్చింది. మా అమ్మకు తోడబుట్టినవాడు, నాకు సొంత మేనమామ. వాళ్ళ ఊరు జుక్కల్ దాటి ఇంకా లోపలికి. కామారెడ్డి నుంచి బస్సులు మారి నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆడవాళ్ళు వాకిట్లో కూర్చుని, ఏడుపు ఆపి మాటల్లో పడ్డారు. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు కాబట్టి ఏడవలేదు. అక్కడున్నవాళ్ళు చూడనట్టే ఉన్నారు గానీ మేనమామ చావుకొచ్చి కన్ను తడవని ఆడదాన్ని ఏ ఊరూ చూడకుండా వదలదు. మామకు దూరపు వరసయ్యే ఒక ముసలమ్మ నా చీర కొంగును వేళ్ళతో నలిపి, బట్ట ఎట్లాంటిదో తేల్చుకుని, "నీ లక్కు మంచిగుండె బిడ్డా. తల్లి లేకున్నా సదువొచ్చింది, నౌకరొచ్చింది" అన్నది. మంచి మాటే అన్నది పాపం. కానీ ఆ మాట వింటే నాకు ఈ వయసులో కూడా అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా దిక్కు మంచి జరిగినా చెడు జరిగినా చెప్పుకోవడానికి మాటలకు కరువు లేదు. రాత అంటారు, నసీబ్ అంటారు. అదృష్టం అనే మాట మాత్రం బడి పుస్తకంలో తప్ప మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. రాత అంటే నుదుటి మీద రాసి పంపింది, దాన్ని ఎవరూ తుడవలేరు, ఎవరూ అడిగి తీసుకోలేరు. నసీబ్ అంటే వచ్చిందేదో వచ్చింది, మంచైనా చెడైనా తిని ఊరుకోవాల్సిందే. ఈ రెండు మాటల్లోనూ ఒక ఓదార్పు ఉంది, ఎవరి తప్పూ లేదని. లక్కు అట్లా కాదు. అది మా ఊరికి బోరు లారీతో పాటు వచ్చింది. వచ్చిన రోజు నుంచే అది టార్చిలైటు లాంటి వస్తువైపోయింది. ఒకరి దగ్గర ఉంటుంది, ఇంకొకరు అడిగి వాడుకోవచ్చు, వాడుతుంటే అయిపోతుంది కూడా. అయిపోయినప్పుడు పట్టుకున్న చెయ్యిని తిడతారు. అంత చిన్న మాటకు అంత పెద్ద పని ఎక్కడిదో నాకు తెలియదు. ఆ పని అంతా నా చేతి మీద జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది ఎల్లారెడ్డికి కాస్త దూరంలో ఒక చిన్న పల్లె. నన్ను కని మా అమ్మ పోయింది. బాపు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అది అమ్మ మీద ప్రేమో, ఖర్చుకు భయమో నేను అడగలేదు. బాపు తల్లి, మా బాపమ్మ, పేరు రాజవ్వ, నన్ను పెంచింది. పెంచింది అనడం న్యాయమే. తిండి పెట్టింది, జ్వరమొస్తే కషాయం పోసింది, పేలు చూసింది. నన్ను పిలవడం మాత్రం "తల్లిని మింగినదానా" అనే పిలిచేది. కోపంతో కాదు, మామూలుగానే. "తల్లిని మింగినదానా, పొయ్యి మీద నీళ్ళు కాగినయా సూడు" అనేది. ఇంకో పేరు ఉందని నాకు బడిలో హాజరు పిలిచినప్పుడే గుర్తొచ్చేది.

బాపమ్మ బీడీలు చేసేది. మా ఇంటి వాసన అంటే తంబాకు వాసనే. తునికాకును రాత్రే తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టేది. తెల్లారి విప్పితే పచ్చి చెట్టు వాసన, దాని మీద తంబాకు ఘాటు, ఆ రెండింటి వెనక ఆమె నోట్లోని తమలపాకు. చాట ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దు వాలే దాకా కదిలేది కాదు. వేళ్ళు వాటి పని అవి చేసేవి, నోరు దాని పని అది చేసేది. ఆకు మూతి వేలిగోటితో మడిచి నొక్కుతూ నొక్కుతూ ఊళ్ళో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో తేల్చేది. కూరలో ఉప్పు తక్కువైనా, మేక ఈతలో పిల్ల చచ్చినా ఆమె ఒకసారి నా వైపు చూసి మళ్ళీ చాటలోకి చూసేది. నేను అందరి తర్వాత తినేదాన్ని. గంజి మిగిలేది, అడుగంటినది మిగిలేది. అది శిక్ష అని నాకు తెలియదు, పద్ధతి అనుకునేదాన్ని. ఇప్పటికీ మెత్తని అన్నం నాకు సహించదు, అడుగంటిన మాడే ఇష్టం. నాలుక ఎంత బానిసో చూడండి.

ఆ రోజుల్లోనే మా చెలకలో, నీళ్ళు లేని మెట్ట పొలంలో, బాపు బోరు వేయించాడు. మా వైపు అప్పుడప్పుడే బోరు లారీలు వస్తున్నాయి, వాటి వెంట అరవ మాట్లాడే మనుషులు వచ్చేవారు. వేపపుల్ల పట్టుకుని తిరిగే ఒకాయన చెలకంతా నడిచి, పుల్ల వంగిన చోట సున్నం పోసి పాయింటు పెట్టాడు. మొదలుపెట్టే ముందు ఇంటి పెద్ద కొబ్బరికాయ కొట్టాలి. బాపు కొట్టాడు. కాయ కుళ్ళింది. అందరి మొహాలూ మాడిపోయాయి. లారీ డ్రైవరుకు డీజిలు కాలిపోతోందని తొందర. చుట్టూ చూసి, రెండో కాయ సంచితో నిలబడ్డ నన్ను చేయి పట్టి లాగి, "పాపా, నువ్వు కొట్టు" అన్నాడు. బాపమ్మ "అయ్యో, అది కాదు, తల్లిని మింగి..." అంటూ లేచింది. ఆమె మాట ముగిసేలోపే నేను కొట్టేశాను. తెల్లటి కాయ, సమానంగా రెండు చిప్పలుగా పగిలింది. మిషను మొదలైంది. తెల్లటి బండపిండి మబ్బులా లేచి మా నెత్తుల మీద పడింది. చాలాసేపు పిండే. తర్వాత పిండి రంగు మారింది, తడి ముద్దలు వచ్చాయి, ఉన్నట్టుండి నీళ్ళు ఇంటి కప్పంత ఎత్తు ఎగిరాయి. డ్రైవరు నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని, "లక్కు! పాప లక్కు!" అని అరిచాడు. ఊరు మొత్తం బురదలో ఎగిరింది. నన్ను ఎవరైనా ఎత్తుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

ఆ రాత్రి బాపమ్మ నా కంచంలో నెయ్యి వేసింది. అంతకుముందు రోజు వరకూ తల్లిని మింగిన పిల్లను, ఒక్క పూటలో లక్కున్న పిల్లనైపోయాను. బాపమ్మకు ఆ మాట అర్థం తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. తెలుగు మాట ఏదైనా అయితే ఆమె దానికి ఎదురు మాట చెప్పేది, సామెత విసిరేది. లక్కుకు ఎదురు ఏమనాలో ఆమెకు తోచలేదు. వాకిట్లోకి ఎవరొచ్చినా "మా పిల్ల చేతిల లక్కున్నది" అనేది. పక్క పొలం వాళ్ళు వచ్చి అడిగారు. వాళ్ళకూ పడ్డాయి. తర్వాత లింగంపేట నుంచి, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు సైకిళ్ళ మీద వచ్చి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. కొన్నిచోట్ల పడేవి, కొన్నిచోట్ల పడేవి కావు. పడనివాటిని బాపమ్మ లెక్కలోకి తీసుకునేది కాదు. "వాళ్ళ ఇంట్ల మైల ఉన్నది", "పాయింటు పెట్టినోడు తాగి పెట్టిండు" అని వాళ్ళ మీదకే తోసేది. ప్రతిఫలంగా ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు, చిప్పలో కొబ్బరి, రవిక గుడ్డ అంతే. కానీ బాపమ్మకు కావలసింది దొరికింది. ఊళ్ళో పెద్ద రైతు పెళ్ళాం మా వాకిట్లోకి వచ్చి, చాట పక్కన కింద కూర్చుని, "అత్తా, జెర పిల్లను పంపు" అని బతిమాలేది. ఆ మాట వింటూ బాపమ్మ బీడీ మూతి మడిచే తీరే వేరుగా ఉండేది.

లక్కుకు నియమాలు పుట్టాయి. చావు జరిగిన వీధిలోకి పోవద్దు. తల విరబోసుకోవద్దు. ఎడమ చేత్తో ఎవరికీ ఏదీ అందించవద్దు. బడికి పోతే ఎవరి దిష్టి తగులుతుందోనని బడి మాన్పించింది. ఎప్పుడు ఎవరు కబురు పెడతారో, పిల్ల ఇంట్లో ఉండాలి కదా. నేను ఏడ్చాను. నెయ్యి కలిపిన ముద్ద నోట్లో పెడుతూ, "సదువుకొని ఏం జేస్తవ్? లక్కున్నోళ్ళకు సదువెందుకే?" అన్నది. బాపు పక్కనే ఉన్నాడు. ఆయన ఎప్పుడూ పక్కనే ఉండేవాడు. ఆయన గురించి నేను చెప్పగలిగింది అంతే.

అట్లాంటప్పుడు సాయిలు మామ వచ్చాడు. మామ పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ భుజాన తువ్వాలతో ఉండేవాడు. నన్ను "కోడలు పిల్లా" అని పిలిచేవాడు. ఆయనకు మా అమ్మ పోలికలున్నాయని అందరూ అనేవారు కాబట్టి నేను ఆయన మొహం కేసి అట్లా చూస్తూ ఉండిపోయేదాన్ని. మామ ప్రతి ఏడూ పంట అయిపోగానే పెళ్ళాం పిల్లలతో మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోయేవాడు. ఊళ్ళో నీళ్ళు లేవు. ఆ ఏడు ఆయన బోరు వేయాలనుకున్నాడు. నేను బడి మానేశానని తెలిసి చాట ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గిదేంది అత్తా, పిల్లను బడి బంద్ చేపిస్తివి?"

"దాని చేతిల లక్కున్నది సాయిలూ. ఊర్లోళ్ళు ఇడుస్తలేరు."

"లక్కూ లేదు గిక్కూ లేదు. బండ కింద నీళ్ళుంటే పడ్తయి, లేకుంటే లేదు. నా అక్క బిడ్డ చేతి మీదంగ కాయ కొట్టియ్యాలె, నాకు గంతే. నీళ్ళు పడ్డయంటే నేను ఇగ చెరుకుకు పోను, ఊర్లనే ఉంట. కోడల్ని నా ఇంట్ల పెట్టుకుంట, సదివిస్త. ఏమంటవ్?"

బాపమ్మ చాలాసేపు బీడీలు చుట్టింది. "నీళ్ళు పడితే తీస్కపో. పడకుంటే దాని మాట ఎత్తద్దు" అన్నది. ఆ రాత్రి నుంచి నేను మామ చెలక కింద ఉన్న నీళ్ళ కోసం దేవుళ్ళందరికీ మొక్కాను. అంతకుముందు ఎవరి బోరుకూ నేను మొక్కలేదు. అవి వాళ్ళ నీళ్ళు. ఇవి నావి. నీళ్ళు పడితే నాకు ఇల్లు మారుతుంది, బడి వస్తుంది, పొద్దున లేస్తే అమ్మ పోలికలున్న మొహం కనబడుతుంది. అంత ఉంది ఆ బండ కింద.

బయలుదేరాల్సిన రోజు తెల్లవారుజామున నేను పెద్దమనిషినయ్యాను. భయపడి బాపమ్మకే చెప్పాను, ఇంకెవరికి చెబుతాను? ఆమె నా వైపు చూసిన చూపులో జాలి లేదు, లెక్క ఉంది. ముట్టైన చేత్తో కాయ కొట్టకూడదని ఆమే పెట్టిన నియమం. పెద్దమనిషైన పిల్లకు ఇక లక్కే ఉండదని ఊరంతా చాటిందీ ఆమే. ఆ సంగతి బయటపడితే వాకిట్లోకి ఎవరూ రారు. ఆమె పాత చీర చింపి గుడ్డ కట్టింది, నా గదవ పట్టుకుని పైకెత్తి, "నోరు తెరిస్తే నాలుక కోస్త. ఈ ఒక్క కాయ కొట్టు" అన్నది. బాపు, బాపమ్మ, నేను బస్సెక్కాం. నిజాంసాగర్ కట్ట మీది నుంచి పోతుంటే బాపు కిటికీలోంచి నీళ్ళు చూపించాడు. నేను సీటు మీద కదలకుండా కూర్చున్నాను, మరక అవుతుందేమోనని.

మామ ఊళ్ళో మూడు భాషల మనుషులు, తెలుగు, కన్నడం, మరాఠీ. నన్ను చూడగానే మూడు భాషల వాళ్ళూ ఒక్క మాటే అన్నారు: లక్కు పోరి వచ్చిందని. నేను కాయ కొట్టాను. మంచిగానే పగిలింది. మిషను మొదలైంది. పిండి నెత్తి మీద పడుతోందని మామ తన తువ్వాల తీసి నా తలకు చుట్టాడు, నా చెయ్యి తన చేతిలో పట్టుకున్నాడు. చెమట, మట్టి కలిసిన తువ్వాల వాసన నాకు ఇంకా తెలుసు. పిండి వస్తూనే ఉంది, ఒక్క తడి ముద్ద లేదు. డ్రైవరు ఇక ఆపుదామన్నాడు. మామ ఇంకా దించమన్నాడు. పొద్దు నెత్తి మీద నుంచి పడమటికి జరిగింది. నేను కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, తువ్వాల కింద కళ్ళు మూసుకుని, తడి, తడి, తడి అనుకుంటూ నిలబడ్డాను. చివరికి మిషను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో మరాఠీలో ఏదో అన్నారు, ఇద్దరు నవ్వారు. అత్తమ్మ, అంటే మామ పెళ్ళాం, నేల మీద కూలబడింది. "లక్కు లేదు, పాడు లేదు. రాజవ్వవి అన్ని అబద్ధాలే" అని ఒకాయన గట్టిగా అన్నాడు.

అదిగో, ఆ మాట బాపమ్మకు తగిలింది. నేను తప్పు చేశానంటే ఆమెకు ఏమీ కాదు. తన ఇంటి లక్కు అబద్ధమంటే ఇక ఏ ఊళ్ళోనూ తల ఎత్తలేదు. ఆమె గుంపు మధ్యకు వచ్చి రొమ్ము కొట్టుకుని, "అబద్ధం గాదు! దొంగముండ ముట్టై కాయ కొట్టింది! నాకు జెప్పకుంట దాచింది! తల్లిని మింగింది, ఇప్పుడు మేనమామను మింగె!" అని అరిచింది. అక్కడ మగవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసే ధైర్యం నాకు లేదు. బాపు బీడీ ముట్టించుకుంటూ నేలకేసి చూశాడు.

మామ వంగి నా మొహంలోకి చూశాడు. "నిజమేనా బిడ్డా?" అన్నాడు. కోడలు పిల్లా అనలేదు. నేను తల ఊపాను. అయింది నిజం. దాచింది నేను కాదు. ఆ రెండో మాట చెప్పడానికి నోరు తెరిచాను, బాపమ్మ నన్నే చూస్తోంది. మామ నా చెయ్యి వదిలాడు. నా తల మీది తువ్వాల లాగేసుకుని, బండపిండి దులిపి, భుజాన వేసుకుని ఇంటివైపు నడిచిపోయాడు. లక్కును నమ్మనన్న మనిషి! మంచిని నమ్మడానికి ఒప్పుకోనివాడు చెడును అంత తొందరగా ఎట్లా నమ్మాడో అని ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆలోచించాను.

ఆ ఏడూ, ఆ పై ఏళ్ళూ మామ కుటుంబం చెరుకు కొట్టడానికే పోయింది. మా ఇంట్లో నెయ్యి ఆగిపోయింది, నేను మళ్ళీ అందరి తర్వాత తినసాగాను. పొద్దున్నే పొలానికి పోయేవాళ్ళు నేను ఎదురైతే వెనక్కి తిరిగి, ఇంట్లో ఒక నిమిషం కూర్చుని మళ్ళీ బయలుదేరేవారు. కొంతకాలానికి బాపు రెండో బోరు వేయాలనుకున్నాడు. నేను ఊరి పొలిమేరలో ఉండకూడదని బాపమ్మ పట్టుబట్టింది. ఎక్కడికి పంపాలో తోచక బాపు నన్ను కామారెడ్డి తీసుకుపోయి ప్రభుత్వ హాస్టల్లో వదిలేశాడు. నా చదువు అట్లా మళ్ళీ మొదలైంది. దాన్నే మామ చావింట్లో ఆ ముసలమ్మ లక్కు అన్నది. కాదని నేనెట్లా అంటాను? లక్కు ఉన్నన్ని రోజులు నన్ను బడికి పోనివ్వలేదు, పోయినాకే పంపించారు.

ఇప్పుడు ఆ మాట ఎంత చౌకైపోయిందో చూస్తే వింతగా ఉంటుంది. మా వీధిలో ఇద్దరు పిల్లల పేర్లు లక్కీ, ఒక కుక్క పేరు కూడా అదే. బట్టల కొట్టువాళ్ళు పండగొస్తే లక్కీ డ్రా అంటూ మైకులో అరుస్తారు. నేను పనిచేసిన బడిలో పరీక్షల రోజు టీచర్లందరూ పిల్లలకు ఆల్ ది బెస్ట్ అని, గుడ్ లక్ అని చెప్పి పంపేవారు. నేను చెప్పలేదు. "మంచిగ రాయిండ్రి" అనేదాన్ని, అంతే. ఆ టీచరమ్మకు గర్వం అనుకున్నారు. మా ఊళ్ళో ఇప్పుడు నీళ్ళు చూడటానికి యంత్రాలు తెస్తున్నారు, వేపపుల్ల పోయింది. కొబ్బరికాయ మాత్రం పోలేదు. ఎవరి చేత కొట్టించాలా అని ఇప్పటికీ చూస్తారు. ఏ ఇంట్లోనైనా ఆడపిల్లను ముందుకు నెట్టి, నీ చెయ్యి మంచిదమ్మా అంటుంటే నేను అక్కడ నిలబడలేను. పొగడ్త అని ఆ పిల్ల నవ్వుతుంటుంది.

ఇంకొక్కటి చెప్పాలి. బాపమ్మ పోయాక, నాకు ఉద్యోగం వచ్చాక, నేను ఒకసారి మామను చూడటానికి పోయాను. అప్పటికి ఆయన చెలకలో వేరే చోట నీళ్ళు పడ్డాయి, చెరుకు పచ్చగా ఉంది. మంచం వేసి కూర్చోబెట్టాడు. అత్తమ్మ చాయ పెట్టింది. అన్నేళ్ళు గొంతులో మోసిన మాట అప్పుడు చెప్పాను.

"మామా, ఆ రోజు దాచింది నేను కాదు. బాపమ్మకు పొద్దున్నే చెప్పిన. ఆమెనే నోరు మూసింది."

మామ ఆశ్చర్యపోతాడనుకున్నాను. నా తల మీద చెయ్యి వేస్తాడనుకున్నాను. ఆయన చాయ సాసరులో పోసుకుని ఊదుతూ ఉన్నాడు.

"తెల్సు బిడ్డా. గప్పుడే తెల్సు. నీ మొకం జూస్తెనే సమజైంది."

"మరి...?"

"ఎవల్నో ఒకల్ని అనాలె గద. అన్ని పైసలు బండల పోసిన, బండనేం అంట? ముసల్దాన్ని అంటే మీ బాపుతోని సుట్టరికం పోతది. నువ్వంటే చిన్నదానివి." సాసరు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు. "మర్చిపోతవనుకున్న."

అత్తమ్మ ఇంకొంచెం చాయ పోయనా అని అడిగింది. చాలన్నాను. మంచినీళ్ళు అడిగితే బోరు నీళ్ళు చెంబులో తెచ్చి ఇచ్చింది. తాగాను. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.